ఏనుగుగుండు కనబడని నాడు

కొల్లాపురం దిగువన కృష్ణ రేవులో జనాన్ని పుట్టిలో దాటించే పర్వతాలు పెద్ద మాటకారి కాడు. బక్కపలచని మనిషి, ఎడమ చెవి సగం లేదు, నోరు తెరిస్తే ఏదో పోతుందన్నట్టు ఉండేవాడు. కానీ అల ఎత్తు చెప్పడంలో ఆ ఒడ్డు పొడుగునా అతణ్ని మించినవాడు లేడు. అతనంటే గిట్టనివాళ్లు కూడా ఆ మాట ఒప్పుకునేవాళ్లు.

పుట్టి అంటే ఏముంది, వెదురు బద్దలల్లి తోలు కప్పిన గుండ్రటి గంప. ముందు లేదు, వెనక లేదు. ఏరు పోటెత్తితే బొంగరమైపోతుంది. అలను ఒడ్డున నిలబడి చూసినవాడు తక్కువ చెబుతాడు, భయపడ్డవాడు ఎక్కువ చెబుతాడు. అందుకే పర్వతాలు తండ్రి ఒక కొలత నేర్పి పోయాడు. పుట్టికి మోకు కట్టి కొంత లోపలికి వదలాలి. అడుగున జానెడు మందం జమ్ముకట్ట వేసుకుని, దానిమీద కూర్చుని అవతలి ఒడ్డున ఉన్న ఏనుగుగుండు అనే పెద్ద బండను చూడాలి. అల లేచినా గుండు కనబడితే దాటొచ్చు. గుండు మరుగైతే అల కంటిని మించిందన్నమాట. అప్పుడు పుట్టిని ఒడ్డుకు లాగి బోర్లించాలి. పుట్టి బోర్లేస్తే రేవు బందు. దానికి ఎవరూ ఎదురు చెప్పరు.

నలభై రెండో సంవత్సరం భాద్రపదంలో పర్వతాలు కూతురు సుక్కమ్మకు అవతలి ఒడ్డున, అత్తగారి ఊళ్లో నొప్పులు మొదలయ్యాయి. వియ్యంకుడు గుర్వయ్య పొద్దుగూకే వేళ దాటి వచ్చి కబురు చెప్పాడు. బిడ్డ అడ్డం తిరిగిందట. పర్వతాలు పెళ్లాం అండాలు పేరున్న మంత్రసాని, అడ్డం తిరిగిన బిడ్డను సవరించే చెయ్యి ఆమెది. చీకట్లో గుండు కనబడదు, తెల్లారేదాకా ఆగక తప్పలేదు. తెల్లారేసరికి తూర్పు గాలి లేచింది. ప్రవాహానికి గాలి ఎదురొస్తే అల నిలువునా లేస్తుంది. అండాలు ఆముదం, పాతగుడ్డలు, ఇంట్లో చేతికందిందల్లా మూటగట్టుకుని రేవుకు పరుగెత్తింది.

పర్వతాలు పుట్టిలో కూర్చున్నాడు. కింద తడి తగులుతున్నా పట్టించుకోలేదు, మనసంతా కూతురి మీదే ఉంది. అల లేచింది. గుండు పోయింది. ఇంకోటి లేచింది, మళ్లీ పోయింది. ఒడ్డుకు వచ్చి పుట్టిని బోర్లించాడు.

"ఏట్ల దిగద్దే అండాలు. గుండు కనబడ్తలేదు."

"నీ గుండు మన్నుల కలువ! బిడ్డ చస్తాందయ్యా!"

"నువ్వు సుత సస్తవ్. ఇద్దరు పోతే ఎట్ల?"

గుర్వయ్య తల పట్టుకుని కూర్చున్నాడు. అతనైనా ఏం అంటాడు? బోర్లించిన పుట్టి ఎదురుగానే ఉంది.

జాము పొద్దెక్కాక దొర మనిషి ఐలేశం వచ్చాడు. వెనకాలే దొర అల్లుడు, రెండు ఇనుప పెట్టెలు. ఆయన ఇవ్వాళే అవతల రైలు అందుకోవాలట. పర్వతాలు చేతులు జోడించాడు.

"బాంచెన్, గుండు మునిగింది. దిగితే మునుగుతం."

"నీ గుండుతోని దొరకేం పనిరా?" అని ఐలేశం దుడ్డుకర్ర ఎత్తాడు. నాలుగు దెబ్బలు పడ్డాయి. పుట్టిని వాళ్లే తిరగేసి నీళ్లలోకి తోశారు. వెట్టివాడు కాదంటే కుదురుతుందా!

అండాలు అల్లుడుగారి కాళ్ల మీద పడింది. "మీ కాల్మొక్త దొరా, మూలకు ఒదిగి కూసుంట, నా బిడ్డ దగ్గరికి పోవాలె." పెట్టెలు తడుస్తాయి, బరువెక్కువవుతుంది అన్నాడాయన. ఇనుప పెట్టెలకు జాగా ఉంది, తల్లికి లేదు. అండాలు మొగుడి వైపు చూసింది. అతను తెడ్డు పట్టుకుని తల దించుకున్నాడు. ఆ క్షణాన లోలోపల సంతోషించాడు కూడా, అండాలైనా బతుకుతుందని.

నడి ఏట్లో అలలు మీదికొచ్చాయి. పర్వతాలు అలకు ఎదురు పోలేదు, వీపూ చూపలేదు. ఏటవాలుగా ఎక్కించి, దిగేటప్పుడు తెడ్డు వేసి తిప్పు ఆపుతూ, ఒంటి బరువును అల వైపుకే వాల్చాడు. అంచు మీదుగా దోసెడు నీళ్లు పడ్డాయి, అంతే. మునగాల్సిన పుట్టి మునగలేదు. ఇదేం చోద్యమని అతనికే అర్థం కాలేదు.

అవతలి ఒడ్డు చేరగానే కూతురింటికి ఉరికాడు. సుక్కమ్మ ఇంకా బతికే ఉంది.

"అమ్మ రాలే నాయినా?"

వెనక్కి ఉరికి, ఖాళీ పుట్టిలో ప్రాణాలకు తెగించి ఇవతలికి వచ్చాడు. అండాలు రేవులో అలాగే కూర్చుని ఉంది. మూట పక్కన జమ్ముకట్ట.

"గీ కట్ట నీకాడున్నదేందే?"

"బిడ్డ కింద పరుద్దామని మూటల కట్టిన. నేల తడిగుంటది గద."

పర్వతాలు ఆ కట్ట మందాన్ని జానతో కొలిచి చూశాడు. పొద్దున కట్ట లేకుండానే కూర్చున్నాడు. అల పెరగలేదు, అతని కన్నే జానెడు కిందికి దిగింది. పొద్దున్నే దాటవలసిన ఏరు అది. కట్ట సంగతి చెప్పకుండా పెళ్లాన్ని ఎక్కించుకుని తెడ్డు వేశాడు. వాళ్లు చేరేసరికి గుర్వయ్య ఇంటి ముందు ఆడవాళ్లు గుండెలు బాదుకుంటున్నారు. తల్లీ పోయింది, బిడ్డా పోయింది.

ఆ తర్వాత ఆరేళ్లు అండాలు ఆ ఒక్క మాటే అంది. అన్నం పెడుతూ అంది, నిద్రలో అంది, నలుగురిలో అంది. "దొర అల్లునికి అణిగిన అల నా బిడ్డకు అణగకపాయెనా?" ఊరు కూడా అదే అనుకుంది. పుట్టి బోర్లిస్తే, దొర వస్తే అదే తిరగబడుతుంది లెమ్మని నవ్వేవాళ్లు.

పోలీసు చర్య జరిగిన ఏడాది దొర గడీకి తాళం పడింది. ఆ పొద్దు అండాలు మొగుడి ముందు వచ్చి కూర్చుంది.

"ఇగ దొర లేడు, భయం లేదు. ఇప్పుడన్న నిజం చెప్పు. నాడు దాటేటట్టుండెనా, లేదా?"

ఆమె కూర్చున్నది ఆ జమ్ముకట్ట మీదే. చెబితే ఆమె ఇంక బతకదు. బిడ్డ కోసం మూటలో కట్టుకున్నదే బిడ్డను చంపిందని తెలిస్తే ఏ తల్లి బతుకుతుంది?

"దాటేటట్టే ఉండె. నేనే భయపడ్డ. దెబ్బలు పడ్డంక దిగిన."

అండాలు లేచి అతని మొహాన ఉమ్మి లోపలికి పోయింది. పర్వతాలు కండువాతో తుడుచుకుని, జమ్ముకట్ట చంకలో పెట్టుకుని రేవుకు పోయాడు. ఎక్కేవాళ్లు ఇద్దరు అప్పటికే ఎదురుచూస్తున్నారు.