ఓవర్ అంటే

నిన్న రాజమండ్రిలో పాత సామాన్ల కొట్టులో తోలు తొడుగు, పొడవాటి ఏరియల్ ఉన్న వైర్‌లెస్ సెట్టు ఒకటి కనబడింది. చేతిలోకి తీసుకోగానే ఆ తోలు వాసనకి గోదావరి మధ్యనున్న మా లంకలో వరదనీళ్ళు మళ్ళీ ఇంటి మెట్ల దాకా వచ్చేశాయి.

తొంభైల్లో లంకల్లో పెరిగినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, వరదొస్తే మందుల పడవ వచ్చేది. ఆ ఏడు నొప్పులు పడుతున్న మా పిన్నిని ఆ పడవలోనే అవతలి గట్టున ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వెంట వెళ్ళిన నర్సమ్మ దగ్గర ఒక సెట్టు, మా అరుగు మీద కూర్చున్న కాంపౌండరు గారి ఒళ్ళో ఇంకొకటి. మధ్యాహ్నమంతా అది గరగరలాడుతూనే ఉంది. చివరికి ఆ గరగరలోంచి ఒక్క మాట మాత్రం స్పష్టంగా వినబడింది.

"ఓవర్."

అమ్మమ్మ గబుక్కున కాంపౌండరు గారి చెయ్యి పట్టుకుంది. "ఓవరంటే అయిపోయిందనే కదండీ. నా కూతురు దక్కలేదాండి?"

"అది కాదండి. ఓవర్ అంటే నా మాట అయ్యింది, ఇక మీరు చెప్పండి అని," అన్నారాయన. మళ్ళీ అడిగి, సెట్టు ఆవిడ చెవి దగ్గర పెట్టారు. ఈసారి పసిపిల్ల ఏడుపు వినబడింది, వెనకాలే పిన్ని గొంతు.

ఆ తర్వాత అమ్మమ్మ ఉన్నన్నాళ్ళూ, సాయంత్రం దీపం పెట్టి, అన్నవరం సత్యనారాయణస్వామికి చెప్పుకోవాల్సినవన్నీ చెప్పుకుని, చివర్లో మెల్లగా "ఓవర్" అనేది. అని, కళ్ళు మూసుకుని కాసేపు ఎదురుచూసేది.