పెళ్లి బాణీని ఏడుపు చేశాను

ఈ పరాయి దేశంలో మేముంటున్న క్వేకర్స్ హిల్ దగ్గరి లైబ్రరీలో ఆ శనివారం నా మాట విని, మధ్యలోనే వెళ్లిపోయినవాళ్లు ఇద్దరున్నారు. వాళ్ల మనసులో ఇప్పటికీ నా తప్పే ఉండిపోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

నేను సంగీతం నేర్చుకోలేదు. పోలండ్ కొండపల్లెల ఫిడేలు బాణీలను జాజ్‌తో, పెద్ద ఆర్కెస్ట్రాతో కలిపి రికార్డు చేసినవాళ్ల గురించి నాకు తెలిసిందంతా లైబ్రరీ పుస్తకాల చలవే. అలాంటి రికార్డు ఒకటి వినిపించి వివరిస్తానని లైబ్రేరియన్‌ను నేనే అడిగాను. ఇంట్లో ఇరవైసార్లు విన్నా, ఆ రోజు రాసుకున్న కాగితాలను మళ్లీ మళ్లీ తిరగేశాను.

"రిలాక్స్ నాన్నా, నోబడీస్ గోయింగ్ టు టెస్ట్ యూ," అంది మా అమ్మాయి.

రికార్డు మొదలైంది. మాటల్లేవు, ఫిడేళ్లు బరువుగా మూలుగుతున్నాయి. "ఇది చనిపోయినవాళ్ల కోసం ఏడ్చే బాణీ," అన్నాను. కాసేపటికి ఇద్దరు తలూపి వెళ్లిపోయారు. ముందు వరసలోని పోలండ్ పెద్దావిడ మాత్రం నన్నే చూస్తోంది.

ఆమె లేచొచ్చి, ప్లేయర్ వేగం మీటను నిమిషానికి ముప్పై మూడు చుట్ల నుంచి నలభై ఐదుకు జరిపింది. ఫిడేళ్లు గంతులేశాయి.

"దీనికి మా ఊళ్లో పెళ్లికూతురే ఆడుతుంది. నువ్వు పాతిపెట్టేశావు కదయ్యా!" అంది.

పెద్ద రికార్డులన్నీ ముప్పై మూడు మీదే తిరుగుతాయని చదివి, దీని లేబుల్ మీద నలభై ఐదు అని ఉన్నా చూడలేదు. మిగిలినవాళ్లకు అక్కడే తప్పు ఒప్పుకున్నాను. ఆ ఇద్దరికీ ఎలా చెప్పను?

మీట జరిపిన పెద్దావిడకు, మళ్లీ గది ఇస్తానన్న లైబ్రేరియన్‌కు, నవ్వు ఆపుకున్న మా అమ్మాయికి నా కృతజ్ఞతలు.