రెండు గొలుసులు ఒకటే చెప్పాయి

కంటికి కనపడని కృష్ణ పదార్థం విశ్వంలో ముద్దలుగా ఎలా పేరుకుంటుందో కంప్యూటరులో లెక్కగట్టి చూపడం నా కూతురి పరిశోధన. థీసిస్ ముగించడానికి నెల రోజులపాటు మార్కాపురంలోని మా ఇంటికి వచ్చింది. ఒక ఉదయం నాకు తెర మీద బొమ్మ చూపింది. అందులో పదార్థమంతా చుక్కల గుంపులే. పెద్ద ముద్దలోకి పడిన చిన్న ముద్దలు రెండు చుట్లు తిరిగి చెదిరిపోతున్నాయి. అవి అంత త్వరగా చెదిరిపోతాయన్నదే ఆమె థీసిస్‌కు ఆయువుపట్టు.

"ఒక్కో చిన్న ముద్దను ఎన్ని చుక్కలతో చేసినావమ్మా?"

"నూరు లోపే నాయనా."

"చుక్కలు పెంచితే?"

"ఏంది, చిన్నప్పటి మాదిరి మళ్ళీ నా పరీక్ష పేపరు దిద్దుతున్నావా? ఇంకో యూనివర్సిటీ వాళ్ళకూ ఇట్లనే వచ్చింది. రెండూ సరిపోయినాయి."

"వాళ్ళవి ఎన్ని చుక్కలు?"

ఆమె నవ్వు ఆగింది. "అవీ అన్నే."

బీరువాలోంచి పాత పుస్తకం తీసి ఆమె ముందు పెట్టాను. నేను యర్రగొండపాలెం వైపు సర్వేయరుగా పనిచేసిన కాలపు పుస్తకం అది. భూమి కొలిచే గొలుసును నెలనెలా ఆఫీసులోని రెండో గొలుసు పక్కన పరిచి చూసి, 'సరిపోయింది' అని రాసేవాణ్ణి. ఆ రెండూ ఒకే రాళ్ళ నేల మీద ఈడ్వబడి, కడియాలు అరిగి, ఒకే విధంగా సాగాయని స్టీలు టేపు వచ్చేదాకా నాకు తెలియలేదు. అప్పటికే నేను పాతించిన హద్దురాయి ఒకటి పక్క పొలంలోకి జరిగింది. ఆ పొలం గల గొర్రెలకాపరి నా ముఖం మీదే అన్నాడు: "సారూ, నా గొర్రెలు పక్క చేలో పడితే బందెలదొడ్డికి తోలినారు. మీ గొలుసును యాడికి తోలాల?"

కూతురు ఆ పేజీలన్నీ చదివింది. తన సీనియరుకు ఫోను చేస్తే, అందరూ అట్లాగే చేస్తారనీ, ఈ దశలో తవ్వుకోవద్దనీ అన్నాడట. నాకు ఒళ్ళు మండింది. మా ఆఫీసులోనూ ఇదే మాట!

ఆమె చుక్కలను ఎనిమిది రెట్లు చేసి, ఒక్క పెద్ద ముద్దకు మాత్రం లెక్క మళ్ళీ మొదలుపెట్టింది. దూరాన ఉన్న యంత్రానికి ఆరు రోజులు పట్టింది. ఆమె ఫోను మోగినప్పుడల్లా నేను లేచి నిలబడేవాణ్ణి. నాలుగేళ్ళ శ్రమను నా నోటితోనే కూల్చానా? ఆ ఆరు రోజులూ నేను రోజూ రాసే డైరీలో ఒక్క అక్షరం రాయలేకపోయాను.

ఏడో రోజు పొద్దున పిలిచింది. తెర మీద అవే చిన్న ముద్దలు. రెండు చుట్లు, మూడు, నాలుగు. ఒక్కటీ చెదరలేదు. ముందు చెదిరింది చుక్కలు చాలకనే.

"రాసుకో నాయనా."

ఆ పాత గొలుసు పుస్తకమే తెరిచి కలం తీశాను. ఆమె కలం అందుకుని 'సరిపోలేదు' అని తానే రాసి, తన గైడుకు ఫోను కలిపింది. అవతల మోగుతున్నంతసేపూ ఆమె కుర్చీని వెనకనుంచి పట్టుకుని నిలబడ్డాను.