సాంసన్ అన్న వదిలేసే సగం

మా సాంసన్ అన్న దేన్నీ చివరిదాకా వాడడు. సగం కాగానే ఆపేస్తాడు.

చాయ్ సగం తాగి గ్లాసు పక్కన పెడతాడు. బండిలో పెట్రోలు సగానికి దిగిందంటే బంకు దగ్గర ప్రత్యక్షమవుతాడు. ఈయన పెట్రోలుకు కాదు, తమను చూడబుద్ధై వస్తున్నాడని బంకులో పనిచేసేవాళ్లు చాలాకాలం మురిసిపోయారు. ఇక సినిమాకు పోతే ఇంటర్వెల్ కాగానే చెప్పులు వెతుక్కుంటాడు. "హీరో మంచిగున్నడు, విలన్ మంచిగున్నడు, అందరు పానాలతోనే ఉన్నరు. గిప్పుడు లేస్తెనే మర్యాద" అంటాడు. ఆయన చూసిన సినిమాల్లో ఇంతవరకూ ఏ విలనూ చనిపోలేదు.

ఆయన భార్య గ్రేస్ అక్క మా దవాఖానలోనే నర్సు. "మా పెండ్లిల పాస్టర్ గారు ప్రశ్న సగం అడుగంగనే 'ఒప్పుకుంటున్న' అన్నడు. మిగిలిన సగంల ఏమున్నదో ఈయనకు ఇప్పటికీ తెల్వది" అని నవ్వుతుంది.

"మరి నువ్వు చెప్పలేదా అక్కా?"

"చెప్పిన. గిన్నెలు తోముడు అండ్లనే ఉన్నదని చెప్పిన."

మహబూబాబాద్ నుంచి మా తండాకు వచ్చే తోవలో ఉంది మా కరుణ దవాఖాన. సాంసన్ అన్న అక్కడ కంప్యూటర్లు చూసుకుంటాడు. నేను చీటీల కౌంటర్లో కూర్చుంటాను. పదో తరగతి తర్వాత నా చదువు ఆగిపోయింది. ఎవరైనా అయ్యో అంటే నాకంటే ముందు సాంసన్ అన్నే అందుకునేవాడు. "ఆగలే. సగమైంది. సగమైతె మంచిదే గద!" నాకు మాట్లాడటం కష్టం, చూడటం సులువు. నా కౌంటర్‌కు ఎదురుగానే సర్వర్ గది. అందుకే ఆయనను నేను చూసినంతగా ఎవరూ చూసి ఉండరు.

రోగుల పేర్లు, రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు అన్నీ ఉండేది ఆ గదిలోని సర్వర్లోనే. కరెంటు పోతే యూపీఎస్ బ్యాటరీలు దాన్ని కాసేపు మోస్తాయి. అవి అలిసిపోయేలోపు సర్వర్ తనంతట తానే పద్ధతిగా ఆగిపోయేటట్టు సాంసన్ అన్న అమర్చాడు. ముందుగా అన్ని కంప్యూటర్ల మీద "పని భద్రం చేసుకోండి" అని అక్షరాలు వస్తాయి. తర్వాత బిల్లుల కంప్యూటర్ ఆగుతుంది, ఆ తర్వాత ల్యాబ్, తర్వాత ఎక్స్‌రే. అందరూ పోయాక సర్వర్.

ఆయన రాకముందు ఒకసారి అది ఠక్కున ఆగిపోయిందట. ఫైళ్లు పాడైపోయాయి. పోయినవన్నీ ఆగమాగంగా మళ్లీ ఎక్కించేసరికి, మోకాళ్ల నొప్పులకు వచ్చిన ఒక కిరాణం షావుకారుకు మూడో నెల అని రిపోర్టు వచ్చింది. ఆయన మిఠాయిలు కూడా పంచాడని మావాళ్లు చెబుతారు గానీ, అది కొంచెం ఎక్కువ చేసి చెప్పడమే.

కాబట్టి సర్వర్ పద్ధతిగా ఆగాలన్న దాంట్లో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఎప్పుడు ఆగాలన్న దాంట్లోనే. సాంసన్ అన్న సర్వర్ కూడా సాంసన్ అన్న లాంటిదే. బ్యాటరీ సగానికి రాగానే లేచిపోతుంది.

దవాఖాన మేనేజర్ మార్తమ్మ అక్కకు దాంతో ఒళ్లు మండేది. "బిందెల సగం నీళ్లుండంగ దూపకు చచ్చేటోనివి నిన్నొక్కన్నే చూసిన సాంసన్!"

"బ్యాటరీ మాట నమ్మరాదు అక్కా. అది మా బామ్మర్ది లెక్క. ఇగ వస్తున్న, అగ వస్తున్న అంటది. చూస్తె ఇంట్లనే ఉంటది."

ప్రతి శనివారం ఆయన కరెంటు ప్లగ్గును తనే పీకి, అన్నీ వరుసగా ఆగుతున్నాయా లేదా అని చూసుకునేవాడు. యూపీఎస్ కుయ్ కుయ్ మంటుంటే గుండె మీద చెయ్యి పెట్టుకొని నిలబడేవాడు. కొత్తగా వచ్చిన రోగులు లోపల ఎవరికో సీరియస్‌గా ఉందనుకొని లేచి నిలబడేవారు. చివరికి సర్వర్ దీపం ఆరిపోగానే, "సల్లగ పండుకుంది" అని చెప్పి తలుపు దగ్గరికి వేసేవాడు. ఒకాయన టోపీ కూడా తీశాడు.

నిజంగా కరెంటు పోయిన రోజుల్లో ఇంకో ముచ్చట ఉండేది. సర్వర్ పండుకున్నాక సాంసన్ అన్న ఆ గదిలోనే ఉండి నా వైపు తలుపు వేసుకునేవాడు. వార్డు వైపు ఇంకో తలుపు ఉంది, అది నాకు కనబడదు. కాసేపటికి లోపలి నుంచి గుర్ర్ గుర్ర్ మని గురక వినిపించేది. సన్నగా, ఒకే తీరుగా, మధ్యలో ఊపిరి కూడా తీసుకోని గురక.

"సర్వర్ కు జోలపాడి ఆయన గూడ పండుకుంటడు. అందుకే సగానికే బంద్ చేస్తడు" అనేది మార్తమ్మ అక్క. "గ్రేస్, ఇంట్ల గూడ గిట్లనే గురక పెడతడా?"

"సగం రాత్రి దాంకనే అక్కా" అని గ్రేస్ అక్క ముఖం తిప్పుకునేది.

రిపోర్టుల కోసం కూర్చున్నవాళ్ల గొణుగుడు ఈ వేసవిలో కొట్లాట దాకా వచ్చింది. మార్తమ్మ అక్క యూపీఎస్ కంపెనీ వాళ్లకు ఫోన్ చేసింది. హరిలాల్ అనే అబ్బాయి వచ్చి బ్యాటరీలన్నీ పరీక్షించాడు.

"మంచిగున్నయి మేడం. పది శాతం దాంక నడుపొచ్చు. సగానికే ఎందుకు పెట్టిండ్రో నాకైతె సమజైతలేదు."

"సాంసన్, కారణం చెప్పు. నిజంగ కారణముంటె సగమే ఉంచుదాం" అంది మార్తమ్మ అక్క.

ఆయన గ్రేస్ అక్క వైపు చూశాడు. కిటికీ వైపు చూశాడు. "బ్యాటరీలు పాతయి గద…"

"నిరుడే మార్చినం అన్నా" అన్నాడు హరిలాల్.

"అయితె… అలవాటు."

అందరూ నవ్వారు. మార్తమ్మ అక్క నవ్వలేదు. "పదికి పెట్టు హరిలాల్. సాంసన్, నువ్వు మళ్ల సగానికి మార్చినవంటె ఇంకో తావు చూసుకోవాలె. చెప్తున్న."

ఆ పూట ఆయన చాయ్ కూడా ముట్టలేదు. ఆయన ఏదైనా సున్నా దగ్గరే వదిలేయడం నేను చూడటం అదే మొదలు.

కొద్ది రోజులకు మధ్యాహ్నం పూట గాలిదుమారం లేచింది. స్తంభాలు ఒరిగాయి, కరెంటు పోయింది. జనరేటర్ ఏళ్ల నుంచీ మరమ్మతులోనే ఉంది. వార్డు ఇన్వర్టర్ బల్బులకే మూలుగుతుంది, ఇంకేదైనా తగిలిస్తే మూలగడం కూడా మానేస్తుంది. సర్వర్ మాత్రం దర్జాగా నడుస్తోంది. మార్తమ్మ అక్క బిల్లుల గదిలోంచి కేకేసింది. "చూసినవా సాంసన్! ఎంత మంచిగ నడుస్తుందో!"

సాంసన్ అన్న గది గుమ్మంలో నిలబడి యూపీఎస్ దీపాలను చూస్తున్నాడు. ముట్టుకోకుండా ఉండటానికి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. దీపాలు ఒక్కొక్కటే తగ్గాయి. సగం దాటింది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

అప్పుడే తండా నుంచి ఆటో వచ్చింది. దిగింది మా అవ్వ, జమ్లీ. దుమ్ము లేస్తే అవ్వకు ఉబ్బసం. మెడ నరాలు తేలి, ఈల వేసినట్టు ఊపిరి తీస్తోంది. నేను కౌంటర్ వదిలి పరుగెత్తాను. అవ్వ నన్ను పక్కకు జరిపి, వార్డు వైపు కాకుండా నేరుగా సర్వర్ గదిలోకి నడిచి, సాంసన్ అన్న కుర్చీలో కూర్చుంది. తన ఇంట్లో కూర్చున్నట్టే కూర్చుంది. వెనుకే గ్రేస్ అక్క మందు ఆవిరి పట్టే మిషన్ తెచ్చింది. సాంసన్ అన్న బీరువా వెనుక ఉన్న యూపీఎస్ సాకెట్‌లో దాన్ని పెట్టాడు. గుర్ర్ మంది.

అదే గురక.

అవ్వ ముఖానికి మాస్కు పెట్టారు. యూపీఎస్ మీద ఇంకో దీపం ఆరింది.

"ఒక్క మోతాదుకు తగ్గేటట్టు లేదు. సర్వర్ గూడ నడిస్తె రెండోది పట్టేదాంక బ్యాటరీ సరిపోదు" అంది గ్రేస్ అక్క.

సాంసన్ అన్న సర్వర్‌ను ఆపే మీట వైపు చెయ్యి చాచాడు. మార్తమ్మ అక్క గది వైపు చూశాడు. ఆయనకు ఇక్కడి పని తప్ప ఇంకో తావు లేదు.

నేను నా కౌంటర్‌కు తిరిగి పరుగెత్తాను. అక్కడ రోగుల పేర్లు పిలిచే బ్యాటరీ మైకు ఉంటుంది. అందులో నేను పేరు పిలిస్తే వెనుక బెంచీల వాళ్లు "గట్టిగ పిలువు బిడ్డా" అని రోజూ అరుస్తారు. ఆ రోజు ఎవరూ అరవలేదు.

"కంప్యూటర్లు బంద్ అయితున్నయి. అందరు పని భద్రం చేసుకోండ్రి. రిపోర్టులు కరెంటు వచ్చినంకనే" అన్నాను.

సాంసన్ అన్న నా వైపు ఒకసారి చూసి మీట నొక్కాడు. బిల్లులు, ల్యాబ్, ఎక్స్‌రే, సర్వర్ వరుసగా ఆగిపోయాయి. బిల్లుల గదిలోంచి చెప్పుల చప్పుడు టకటకా వచ్చింది.

"ఎవలు బంద్ చెయ్యమన్నరు? అగో, అప్పుడే గురక గూడ మొదలైంది! ఇయ్యాల నీ సంగతి…"

మార్తమ్మ అక్క తలుపు తోసింది. కుర్చీలో మా అవ్వ. పక్కన ట్యూబు పట్టుకొని నిలబడ్డ సాంసన్ అన్న. బల్ల మీద గురక పెడుతున్న మిషన్. మార్తమ్మ అక్క వాటిని ఒక్కొక్కటిగా చూసింది.

"ఇన్ని రోజుల సంది… గీ గురకనా?"

"అవునక్కా."

"కారణం చెప్పుమన్న గదరా! నోట్లె ఏం పెట్టుకున్నవ్?"

"యూపీఎస్ కు కంప్యూటర్లు తప్ప ఇంకేం తగిలియ్యొద్దని కంపెనీ కాయితం మీద సంతకం పెట్టింది మీరు. అడిగితె మీరు కాదనాలె. కాదంటె మీకు నిద్రపట్టది. అడగకుంటె మీరు మంచిగ పండుకుంటరు, అవ్వలు మంచిగ ఊపిరి తీసుకుంటరు."

"నువ్వు మంచిగ తిట్లు తింటవ్!"

"సగమే అక్కా. మిగిలిన సగం గ్రేస్ తింటది."

మార్తమ్మ అక్క గుమ్మంలోనే నిలబడి ఫోన్ తీసి హరిలాల్‌కు కలిపింది. "రేపు జర రా బాబు. మళ్ల సగానికి పెట్టాలె. ముసలోళ్ల మిషన్ కు వేరే బ్యాటరీ తెప్పిచ్చేదాంక గంతే." అవతల అతనేదో అడిగాడు. "కారణమా? సాంసన్ కు నిద్ర సరిపోతలేదని రాసుకో."

రెండో మోతాదు అయ్యేసరికి అవ్వ ఈల ఆగింది. మార్తమ్మ అక్క అందరికీ చాయ్ తెప్పించింది. సాంసన్ అన్న సగం తాగి, అలవాటుగా గ్లాసును బల్ల మీద అవ్వ చెయ్యి అందేచోట పెట్టాడు. అవ్వ కూడా అలవాటుగానే తీసుకొని చివరి చుక్క దాకా తాగింది.

"కొడుకా, ఒకటి అడుగుత చెప్పు. చక్కెరంత అడుగునే ఉంటది గద. ఎప్పుడు జూసినా సప్పటి సగం తాగి లేస్తవ్, ఎట్ల మనసొప్పుతది నీకు?"

సాంసన్ అన్న ఖాళీ గ్లాసులోకి తొంగిచూశాడు. "అట్లనా అవ్వా? ఏమో, నేనెన్నడు అడుగుదాంక పోలే. అయితె రేపటి సంది మంచిగ కలిపి తాగుత."

అవ్వ గ్లాసు తన వైపు జరుపుకుంది.

"కలుపకు" అంది.