రింగుల జుట్టుకు తెల్ల పరదా

2023 వానాకాలం. కొత్తగూడలో ఫ్లైఓవర్ నీడ పడే వరుసలో నా ఫొటో స్టూడియో. మూసాపేటలో రీలు కెమెరాతో మొదలుపెట్టి, ఇటు ఐటీ ఆఫీసుల టవర్లు లేచాక ఇక్కడికి మారాను. ఈ పని నాకెవరూ నేర్పలేదు. పాత పేపర్ల కొట్లో తూకానికి దొరికిన ఫొటోగ్రఫీ పత్రికల్లో బొమ్మలు చూసి నేర్చుకున్నాను. కంప్యూటరూ అంతే, తిట్టుకుంటూ నేర్చుకున్నాను. ఇప్పుడు నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఐడీ కార్డు ఫొటోలకే. మెడలో తాడుకు వేలాడే ఆ బిళ్ల లేనిదే ఈ చుట్టుపక్కల ఏ గేటూ దాటలేం.

ఒక శుక్రవారం మధ్యాహ్నం తల్లీకూతుళ్లు వచ్చారు. తల్లి యాదమ్మది నాగర్‌కర్నూల్ వైపు. నానక్‌రామ్‌గూడలో ఒక టవర్లో హౌస్‌కీపింగ్ పని. కూతురు మౌనిక డిగ్రీ చదివి, ఆ పక్క టవర్లోనే ఫ్రంట్ ఆఫీసు కౌంటర్లో ఉద్యోగం తెచ్చుకుంది. సోమవారం చేరాలి. ఐడీ కార్డుకు పంపిన ఫొటో మాత్రం రెండుసార్లు వెనక్కి వచ్చింది. జుట్టు నీట్‌గా లేదట.

ఆ పిల్ల తల చూశాను. భుజాల దాకా నల్లటి రింగులు, ఒక్కొక్కటీ వేలికి చుట్టి వదిలినట్టు. ఇది నీట్‌గా లేదన్నవాడి కళ్లు ఎక్కడున్నాయో!

"సారూ, జర కంప్యూటర్ల ఎంటికలు సాపు జెయ్యి. నీకు పుణ్యముంటది" అంది యాదమ్మ.

"చెయ్యొద్దు తాతా" అంది మౌనిక.

"గట్లంటవేందే! నౌకరి వోతే నాతోని చీపురు వడ్తవా?"

"పడ్త. కార్డు మీద సాపు జుట్టుంటే నేను రోజూ గట్లనే పోవాలె గదనే అమ్మా! పొద్దుగాల లేచి నెత్తికి ఇస్త్రీ పెట్టుకోవాల్నా? కాలేజీల పెట్టిన. కొసలు గడ్డి లెక్క అయినయి. నా జుట్టు నాకు గిట్లనే ఇష్టం."

ఇన్నేళ్లలో నా దగ్గరికొచ్చి రంగు తేల్చమన్నవాళ్లున్నారు, బుగ్గలు తగ్గించమన్నవాళ్లున్నారు, పుట్టుమచ్చ తుడిచెయ్యమన్నవాళ్లున్నారు. ముట్టుకోవద్దన్నది ఈ పిల్ల ఒక్కతే. కార్డు మీది ఫొటో అంటే రోజూ ఇలాగే వస్తానని ఇచ్చే మాట అని, ఇన్నేళ్లుగా ఫొటోలు తీస్తున్న నాకు అప్పటిదాకా తట్టలేదు.

నాకు ఒళ్లు మండింది. మూసాపేటలో ఉన్నప్పుడు మగపిల్లలు సెలూన్లో కూర్చుని జుట్టు రింగులు తిప్పించుకునేవారు. అవి విడిపోకముందే ఫొటో దిగాలని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చేవారు. అప్పుడది సోకు. అదే జుట్టు పుట్టుకతో వచ్చిన పిల్లకు ఇప్పుడు తప్పయిందా?

"వెనక్కొచ్చిన ఫొటో చూపించు బిడ్డా" అన్నాను.

ఫోన్‌లో చూపించింది. ఎవరో స్నేహితురాలు సెల్లార్ పార్కింగ్‌లో తీసి, యాప్‌తో వెనక ఉన్నదంతా తీసేసి తెలుపు పెట్టింది. దీన్ని మేం మాస్కింగ్ అంటాం. సాపు జుట్టుకైతే ఫరవాలేదు. రింగుల మధ్య సందుల్లో గోడ కనిపిస్తుంటే యాప్ తికమకపడి, గోడతోపాటు జుట్టునూ కొరికేస్తుంది. ఆ ఫొటోలో మౌనిక తల చుట్టూ ఎలుకలు కొట్టిన గుడ్డలా ఉంది. ఫొటో పాడైతే, వంక జుట్టుకు పెట్టారు.

మాస్కింగే లేకుండా తీస్తానన్నాను. స్టూలు వెనకాల ఉతికిన తెల్ల పరదా కట్టాను. అటక మీంచి హెయిర్ లైటు దించాను. అది తల వెనకాల పైనుంచి జుట్టు మీద మాత్రమే పడే చిన్న దీపం. రీలు రోజుల్లో పెళ్లికూతుళ్ల ఫొటోలకు వాడేవాణ్ణి. దుమ్ము దులిపి వెలిగిస్తే వెలిగింది, పాపం.

ఇంతలో యాదమ్మ సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసింది.

"అమ్మా, లోపల పెట్టే!"

"ముంగట జరంత..."

"సీసా గూడ కార్డు ఫొటోల వడ్తదే!"

ఆ మాటకు ముగ్గురం నవ్వాం. ఆ నవ్వు మౌనిక ముఖం మీద ఇంకా ఉండగానే కెమెరా నొక్కాను.

యాదమ్మ స్క్రీన్ దగ్గరికి వంగి ఫొటో చూసింది. "మా అమ్మ నెత్తి గిట్లనే ఉంటుండె సారూ" అంది. చెయ్యి తన ముడి మీదికి పోయింది. "నాదీ గదే. నూనె వెట్టి గట్టిగ ముడేసుకునుడే మాకు దెలుసు."

నాకు మాత్రం లోపల భయం ఉంది. మళ్లీ వెనక్కి పంపితే? సోమవారం దగ్గర్లో ఉంది. అందుకే అన్నాను: "బిడ్డా, సాపు చేసిన కాపీ ఒకటి కూడా ఇస్తాను. ఊరికే ఫోన్‌లో ఉంచుకో."

మౌనిక తల అడ్డంగా ఊపింది. "వద్దు తాతా. అది ఉంటే భయమైనప్పుడు అదే పంపుతా."

ఆ మాటకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

మా షాపులోంచే ఫొటో పంపింది. శనివారం జవాబు లేదు. ఆదివారమూ లేదు. సోమవారం కార్డు లేకుండానే, గేటు దగ్గర ఒక్కరోజు పాసు రాయించుకుని, జుట్టు విరబోసుకునే వెళ్లింది. సాయంత్రం ఫోన్ చేసి చెప్పింది. మేనేజర్ ఫొటోనూ ఆమెనూ మార్చి మార్చి చూశాడట.

"ఫొటో ఓకే. కానీ రేపట్నుంచి హెయిర్ స్ట్రెయిట్ చేసుకుని రామ్మా" అన్నాడట.

"గట్ల రూల్ ఉన్నదా సార్? ఉంటే చూపించండి."

ఆయన కంప్యూటర్లో వెతికాడట. శుభ్రంగా ఉండాలి, ముఖం మీద పడకూడదు అని మాత్రమే ఉందట. మౌనిక హ్యాండ్‌బ్యాగ్‌లోంచి క్లిప్పులు తీసి, నుదుటి మీది రింగుల్ని ఆయన ఎదుటే పక్కకు పెట్టుకుంది. "ఇగ పడయి సార్" అందట. కార్డు ప్రింటుకు వెళ్లింది.

"భయం కాలేదా?" అన్నాను.

"కాళ్లు వణికినయ్ తాతా. కౌంటర్ అడ్డమున్నది, కనిపియ్యలే."

ఈ పిల్ల దగ్గర నేను నేర్చుకున్నది ఒకటుంది. ఎవరి ఫొటో వెనక్కొచ్చినా ఇప్పుడు ముందు ఫొటోలో తప్పు వెతుకుతాను. మనిషిని దిద్దమంటే, ఎవరికోసమని గట్టిగానే అడుగుతాను. కొందరు కోప్పడి పక్క షాపుకు పోతారు. పోనీ.

తర్వాత కొన్నాళ్లకు యాదమ్మ ఒక్కతే వచ్చింది. హౌస్‌కీపింగ్ కాంట్రాక్టు వేరే కంపెనీకి మారిందట, కొత్త కార్డు కావాలట. స్టూలు మీద కూర్చుని పైకి చూసింది.

"ఆ లైటు ఉన్నదా సారూ?"

ఉంది. దాన్ని నేను మళ్లీ అటక ఎక్కించలేదు. వెలిగించి తిరిగి చూసేసరికి యాదమ్మ ముడి విప్పుతోంది. తలంటుకుని వచ్చినట్టుంది, నూనె లేదు. నెరిసిన రింగులు ఒక్కొక్కటే భుజాల మీదికి జారాయి.

"గిప్పుడు దియ్యి" అంది.