వినాయకుడి ముందు గుంజీళ్లు

బుజ్జులూ, నువ్వు జ్వరంతో పోయాక మొదటిసారి ఈ రోజు నీ స్నేహితురాలు సునీత మన మండపేట ఇంటికి వచ్చింది. మీరిద్దరూ వీపున సంచులు తగిలించుకుని లండన్ తిరిగినప్పటి ఫోటోలు తెచ్చింది. ఒక రోజంతా మ్యూజియాలే చూశారట. ఒక్కొక్క ఫోటో చూపిస్తుంటే ఊరికే చూస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఈ మధ్య నాకు ఏడుపూ నవ్వూ ఏదీ రావడం లేదు.

ఒక ఫోటోలో నువ్వు మ్యూజియంలో రాతి వినాయకుడి ముందు బూట్లు విప్పేసి, చెవులు పట్టుకుని గుంజీళ్లు తీస్తున్నావు. వెనక కాపలా ఆయన కంగారుగా చూస్తున్నాడు.

"అంత దూరం వెళ్లి గుంజీళ్లేంటమ్మా?" అన్నాను.

"నేనూ అదే అడిగానండి ఆంటీ. పరువు తీయకే బాబూ, అందరూ చూస్తున్నారంటే వినదే! 'ఇందాక ఫోనులో అమ్మకి అన్నం తిన్నానని అబద్ధం చెప్పానే, ఆ తప్పు ఇక్కడే కడిగేసుకుంటా' అంది. మ్యూజియం మూసేస్తారన్న హడావిడిలో పొద్దున్నుంచి ఏమీ తినలేదండి మేము."

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. లేచి సునీతకి అన్నం పెట్టాను. చాలండీ అంటున్నా మారు వడ్డించాను.

అబద్ధం నాకు చెప్పి గుంజీళ్లు ఆ వినాయకుడికి తీస్తే ఎలాగే బుజ్జులూ? ఆకలేస్తోందమ్మా అని ఒక్క మాట నాకు చెప్పాల్సింది.

ఇది చదివేవాళ్లూ, మీ పిల్లలు కూడా ఫోనులో ఇలాగే చెబుతారా? చెబితే రాయండి. మీరు మాత్రం వేళకి కడుపునిండా తినండి.