వెనక్కి తిరగని పిల్ల

“...తిరక్కూడదు, అంతే. తిరిగిందా, ఇక అది దెయ్యమెలా అవుతుంది? పక్కింటి పిల్ల అవుతుంది.”

“ఎన్నేళ్ళని ఆ వీపే చూస్తాం? కొత్తగా తీసింది దేనికి మరి, పాతదానికి సున్నం కొట్టడానికా?”

“సున్నం కొట్టినా బాగుండేది. గోడే కూల్చేశారు.”

దుకాణం ముందుగదిలో కూతురూ, దాని స్నేహితుడూ వాదించుకుంటున్నారు. వెనకగదిలో మడమలక్క గ్రైండరు ఆపి వింది. చేతిలో ఉన్న రబ్బరు సోలు ఇంకా వేడిగా ఉంది.

మడమలక్క అసలు పేరు కాదు. పాదాల్లో ఇబ్బంది ఉన్నవాళ్ళకు అచ్చు తీసుకుని చెప్పులు, బూట్లు చేసే దుకాణం ఆమెది. ఎవరొచ్చినా పాత చెప్పులు తిరగేసి చూసి “ముందు ఏ మడమ అరుగుతుంది?” అని అడుగుతుంది. అలా ఆ పేరు స్థిరపడింది.

ఒకప్పటి దెయ్యం సినిమాను మళ్ళీ తీసి ఈమధ్యే విడుదల చేశారు. గొడవంతా మెట్ల దగ్గరే వచ్చింది. పాతదాంట్లో చనిపోయిన పిల్ల తెల్ల గౌనుతో, మనకు వీపు పెట్టి, మెట్లు దిగుతుంది. కింద ఆగుతుంది. తిరుగుతుందేమోనని జనం ఊపిరి బిగబట్టేలోగా దీపం ఆరిపోతుంది. కొత్తదాంట్లో ఆ పిల్ల తిరుగుతుంది. దాంతో అభిమానులు రెండు ముక్కలై ఫోన్లలో తిట్టిపోసుకుంటున్నారు. పరువు తీశారని కొందరు, హమ్మయ్య మొహం చూశామని కొందరు. తెల్ల గౌన్లు తొడుక్కుని తమ ఇళ్ళ మెట్లు దిగుతూ వీడియోలు పెట్టేవాళ్ళు ఇంకొందరు.

పాత సినిమాలో ఆ పిల్ల మడమలక్క చెల్లెలు.

వాళ్ళ నాన్న వడ్రంగి. సినిమాకు ఆ మెట్లు కట్టింది ఆయనే. ఆయనకు కారియరు పట్టుకెళ్ళిన ఇద్దరు కూతుళ్ళలో చిన్నదాని కళ్ళు దర్శకుడికి నచ్చాయి. ఇంట్లో దాన్ని పిచ్చుక అనేవాళ్ళు. ఎవరి దగ్గునైనా, ఎవరి నడకనైనా దించేసేది. కుడిపాదం లోపలికి తిప్పి నడిచే అక్కనైతే రోజూ ఎక్కిరించి, జుట్టు పీకించుకునేది. సినిమా వచ్చిన ఏడాదే విషజ్వరంతో పోయింది.

ఆ సినిమాలో దాని మొహం చూడటం అమ్మ వల్ల కాదు. తెల్లగా పూసి, కళ్ళ కింద నలుపు దిద్దిన ఆ మొహమూ, ఆఖరి పొద్దున మంచం మీద చూసిన మొహమూ ఒక్కలాగే ఉంటాయంటుంది. మెట్ల మీది వీపు మాత్రమే చూస్తుంది. ఆ జడ ఆరోజు పొద్దున తను అల్లి పంపిందే. భోజనం కాగానే మనవరాలి ఫోను అడిగి తీసుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, “అక్క నడక ఎక్కిరిస్తోంది చూడు దొంగపిల్ల,” అని నవ్వుకుంటుంది.

అది ఎక్కిరింత కాదు. ఆ మెట్లు దిగింది మడమలక్క.

షూటింగు దగ్గరే చెల్లెలికి జ్వరంతో ఒళ్ళు కాలిపోయింది. నాన్న గౌను విప్పి పెద్దదానికి తొడిగాడు. జడలు రెండూ ఒకేలా ఉన్నాయి. “వీపే కదా, ఎవరిదైతేనేం? మీ అమ్మకు మాత్రం చెప్పకు. ఒళ్ళు కాలుతుంటే ఇంటికి తేకుండా అక్కడేం చేస్తున్నావని నన్ను నమిలేస్తుంది,” అన్నాడు. చెల్లెల్ని మెట్ల కింద చెక్కపొట్టు మీద తువ్వాలు కప్పి పడుకోబెట్టాడు. అక్క దిగి ఆగగానే, పలకల సందులోంచి ఆ జ్వరం గొంతు వినిపించింది.

“తిరక్కు అక్కా. తిరిగితే నువ్వని తెలిసిపోతుంది.”

ఇప్పటికీ ఎక్కడ మెట్లు దిగినా, చివరి మెట్టు దగ్గర, అడుగునుంచి ఆ గొంతు వస్తుంది. నేల మీద కాలు పెట్టేదాకా వదలదు.

“ఆంటీ, ఒక్కటి చూపించనా?” కుర్రాడు వెనకగది గుమ్మంలోకి వచ్చాడు. సినిమాలను బొమ్మ బొమ్మగా ఆపి చూసి వీడియోలు చేస్తుంటాడు. వాటికోసం కాచుకునేవాళ్ళు వేలల్లో ఉన్నారని కూతురు చెబుతుంటుంది.

ఫోను ఆమె బల్ల మీద, అచ్చుల పక్కన పెట్టాడు. “మొహం కనిపించిన సీన్లన్నింట్లో పాప పాదాలు తిన్నగా ఉన్నాయి. మెట్ల మీద మాత్రం కుడిపాదం లోపలికి తిరిగింది. అంటే ఇద్దరు పిల్లలున్నారు. రెండో పాప ఎవరో మీకేమైనా తెలుసా?”

“పిల్లలన్నాక ఒక్కోసారి ఒక్కోలా నడుస్తారు.”

“పొద్దస్తమానం పాదాలే చూసే మీరేనా ఆ మాట అనేది?”

మడమలక్క కుడికాలు బల్లకాలి వెనక్కి జరుపుకుంది. చెప్పులో తను చేసుకున్న మెత్త ఉంది. అది ఉన్నంతసేపూ పాదం తిన్నగా పడుతుంది.

“ఆదివారం వీడియో పెడుతున్నా. పేరు దొరికితే పేరుతో, లేకపోతే ఇద్దరున్నారని పెడతా. వీపునే కదా ఆంటీ ఇంతమంది పూజిస్తున్నది. అది ఎవరిదో తెలియాలి కదా.”

“అమ్మమ్మకు అవన్నీ చూపించకే,” అంది మడమలక్క కూతురితో.

“నేను చూపించేదేంటి? ఇవాళ కొత్తవేమొచ్చాయే అని తనే లాక్కుంటుంది.”

మడమలక్క మళ్ళీ గ్రైండరు వేసింది. ఆదివారం అమ్మ ఆ వీడియో చూస్తుంది. ఆ తర్వాత మెట్ల మీద పిచ్చుక ఉండదు.

ఆ సాయంత్రం అమ్మే మాట ఎత్తింది. “కొత్తదాంట్లో తిరుగుతుందటగా. నన్ను తీసుకెళ్ళు.”

“బాగాలేదంటున్నారమ్మా.”

“వాళ్ళు భయపడ్డానికి వెళ్ళారు, భయం చాల్లేదని ఏడుస్తున్నారు. నాకెందుకు భయం?”

“అందులో వేరే పిల్ల.”

“తెలుసులే, నాకేం మతి పోలేదు. తిరగడం చూస్తాను.”

శనివారం మధ్యాహ్నం ఆటకు కుర్రాడే టిక్కెట్లు తెచ్చాడు.

“ఏం నాయనా దెయ్యాలబ్బాయీ, నీకు వేరే పనేం లేదా?”

“ఇదే పని అమ్మమ్మా.”

“పోనీలే. దెయ్యాలకు సెలవులుండవు.”

బయల్దేరేముందు కూతురు కొత్త చెప్పులు తెచ్చి మడమలక్క ముందు పడేసింది. “ఊరందరికీ చెప్పులు కుట్టి నువ్వు మాత్రం ఆ అరిగినవి ఈడ్చుకుంటూ రాకు.” సన్నపట్టీల చెప్పులవి. మెత్త వాటిలో పట్టలేదు. ఆటకు వేళవుతోందని తొందరపెడితే అలాగే వేసుకుంది.

హాల్లో మెట్ల సీను రాగానే వెనక వరసల్లోంచి “తిరక్కు, తిరక్కు” అని మొదలైంది. అమ్మ ముందుసీటు పట్టుకుని వంగింది. తెర మీద పిల్ల తిరిగింది. హాలు సగం మూలిగింది, సగం చప్పట్లు కొట్టింది. అమ్మ ఆ మొహాన్ని చాలాసేపు చూసి వెనక్కి ఆనుకుంది.

“ఎవరి పిల్లో పాపం. అంత రంగు పూశారు, ఎంత దురద పెట్టిందో.” చెంగు సర్దుకుంటూ అంది: “మనది తిరగలేదు. మంచిపని చేసింది.”

ఆట వదిలాక జనం పలచబడేదాకా ఆగి బయటికొచ్చారు. బాల్కనీ మెట్ల మీద ఒకటే దీపం వెలుగుతోంది. మడమలక్క ముందు దిగుతోంది. పైన అమ్మకు చెరోపక్క చెయ్యి పట్టుకుని మనవరాలూ, కుర్రాడూ ఉన్నారు. కుడిపాదం ప్రతి మెట్టు మీదా లోపలికే పడింది. తిన్నగా వేయాలని చూసిన కొద్దీ ఇంకా తిరిగింది. వెనక వాళ్ళ మాటలు ఆగిపోవడం ఆమెకు తెలిసింది. వాళ్ళ అడుగులు కూడా ఆగిపోయాయి.

తిరక్కు అక్కా, అంది కిందినుంచి గొంతు.

ఆమె అడుగున ఆగింది.

“పిచ్చుకా,” అని పైనుంచి అమ్మ పిలిచింది. గట్టిగా కాదు. పక్కగదిలో ఉన్న పిల్లను అన్నానికి పిలిచినట్టు పిలిచింది.

“అమ్మమ్మా, అది అమ్మ,” అంది మనవరాలు.

కుర్రాడు గబగబా దిగివచ్చి పక్కన నిలబడ్డాడు. ఆమె పాదాలకేసి చూశాడు.

“ఆంటీ,” అన్నాడు గొంతు తగ్గించి, “ఆ రెండో పాప...”

“రెండో పాప లేదు,” అంది మడమలక్క, పైకి వినిపించేలా, వెనక్కి తిరక్కుండా. “మెట్ల మీద ఉన్నది మా చెల్లే. నా నడక ఎక్కిరిస్తోంది. ఆదివారం అలాగే పెట్టు.”